ఇల్లు లేదన్న మాటకు ఏ సెక్షన్?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో అద్దె ఇంటి కోసం తిరిగినవాళ్లకు ఈ సంభాషణ బాగా తెలుసు. గేటుకు టు లెట్ బోర్డు ఉంటుంది, ఫోన్ చేస్తే ఓనరు మర్యాదగానే మాట్లాడతాడు, ఎంతమంది ఉంటారు, ఏం ఉద్యోగం, సొంతూరు ఏది అని అన్నీ అడిగాక గొంతు కాస్త తగ్గించి "మీరేమిట్లండీ?" అని కులం ఆరా తీస్తాడు. కొందరు అంత సూటిగా అడగరు. పూర్తి పేరు చెప్పమంటారు, నాన్‌వెజ్ తింటారా అంటారు, ఆదివారం ఏ చర్చికి వెళ్తారని కూడా అడుగుతారు. జవాబు విన్నాక "మా అబ్బాయి వాళ్లు వస్తున్నారండీ, ఇప్పుడు ఇవ్వట్లేదు" అనే మాట వస్తుంది. బోర్డు మాత్రం తర్వాతి వారం కూడా గేటుకే ఉంటుంది.

ఇది చట్టం ప్రకారం తప్పా? చాలామంది లాయర్లు కూడా కాస్త ఆగి "అట్రాసిటీ కిందకు రాదేమో" అంటారు. ఎందుకంటే తిట్టలేదు, కొట్టలేదు, కులం పేరు నోట రాలేదు. ఈ దేశంలో కులవివక్ష మీద ఉన్న చట్టాలు తక్కువేమీ కావు, కొన్ని చాలా గట్టివి కూడా. కానీ అవి నోటితో అన్న మాటను, చేత్తో చేసిన దెబ్బను పట్టుకున్నంత తేలిగ్గా, నవ్వుతూ మూసేసిన తలుపును పట్టుకోలేవు. ఎందుకలా తయారయ్యాయో తెలియాలంటే అవి పుట్టిన తీరు చూడాలి.

రాజ్యాంగం 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, దాన్ని పాటించడం నేరం అంది. ఆ నేరానికి శిక్ష ఏమిటో చెప్పడానికి 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. ఆ చట్టానికి పళ్లు లేవని తేలడానికి 20 ఏళ్లు పట్టింది. 1976లో దాన్ని సవరించి, పౌర హక్కుల పరిరక్షణ చట్టం అని పేరు మార్చారు. అప్పటిదాకా ఈ కేసుల్లో రాజీకి వీలుండేది. ఊళ్లో రాజీ అంటే ఏమిటో తెలిసిందే. పెద్దమనుషులు కూర్చుంటారు, రేపు కూలికి పిలవాల్సిన ఆసామీ ఒకవైపు, కూలికి వెళ్లాల్సినవాడు మరోవైపు ఉంటారు, సంతకం ఎవరు పెడతారో ముందే తెలిసిపోతుంది. 1976 సవరణ ఆ రాజీ దారిని మూసింది, కనీసం ఒక నెల జైలు ఉండాలంది. గరిష్ఠం ఆరు నెలలు, జరిమానా 100 నుంచి 500 రూపాయలు. అప్పుడు రాసిన ఆ అంకెలే మొదటిసారి తప్పు చేసినవాడికి ఇప్పటికీ వర్తిస్తున్నాయి.

ఈ చట్టాన్ని ఇప్పుడు ఎవరూ పెద్దగా తలుచుకోరు గానీ, తీరిగ్గా చదివితే ఆశ్చర్యం వేస్తుంది. హోటల్లో వేరే గ్లాసు పెట్టడం, గుడిలోకి రానివ్వకపోవడం, బావి, చెరువు, శ్మశానం దగ్గర అడ్డుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. అవి అందరూ ఊహించేవే. 4వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది: ఏ ప్రాంతంలోనైనా నివాసం కట్టుకోవడానికి, కొనుక్కోవడానికి, అందులో ఉండడానికి అంటరానితనం కారణంగా అడ్డుపడితే నేరమే. 7వ సెక్షన్‌లో బహిష్కరణ అంటే ఏమిటో వివరిస్తూ, ఇల్లు గానీ భూమి గానీ అద్దెకివ్వడానికి నిరాకరించడాన్ని కూడా చేర్చారు. అన్నిటికంటే విలువైనది 12వ సెక్షన్. ఎస్సీకి చెందిన మనిషి విషయంలో ఈ చట్టంలో చెప్పిన పని ఏదైనా జరిగితే, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి, అలా కాదని రుజువు చేసుకోవాల్సిన బాధ్యత నిందితుడిది. వివక్ష కేసుల్లో అన్నిటికంటే కష్టమైనది మనసులో ఉన్న కారణాన్ని రుజువు చేయడం. ఆ బరువును ఈ పాత చట్టం బాధితుడి నెత్తి మీద నుంచి దించి అవతలి మనిషి మీద పెట్టింది.

మరి ఎందుకు వాడరు? ఒక కారణం, శిక్ష తేలిక కాబట్టి పోలీసులకు పట్టదు, లాయర్లకూ పట్టదు. ఇంకో కారణం, ఈ కేసులు పై కోర్టుల దాకా వెళ్లి ఒక దారి ఏర్పడలేదు. కర్ణాటకలో బోరింగు దగ్గర నీళ్లు పట్టుకోనివ్వకుండా తుపాకీ చూపించి బెదిరించిన కేసు ఒకటి 1992లో సుప్రీంకోర్టులో తేలింది. హైకోర్టు వదిలేసినవాళ్లకు సుప్రీంకోర్టు శిక్షను తిరిగి ఖాయం చేసింది. ఆ తీర్పులో అంటరానితనం గురించి విడిగా, విపులంగా రాసిన జడ్జి కె.రామస్వామి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి వెళ్లినవారు. 17వ అధికరణం వచ్చి 40 ఏళ్లు దాటాక ఈ కోర్టు ముందుకు వచ్చిన మొదటి కేసు ఇదేనని ఆయన అందులో గుర్తుచేశారు. నీళ్ల బిందె గొడవలు ఈ దేశంలో రోజూ జరుగుతున్నప్పుడు, నాలుగు దశాబ్దాల్లో ఒక్కటి కూడా పైకి చేరలేదంటే మిగతావన్నీ ఎక్కడ ఆగిపోయాయో ఆలోచించాలి.

ఇక రెండో చట్టం. దీని పుట్టుకలో తెలుగు నేల నెత్తురు ఉంది. 1985 జూలై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో, తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ మర్నాటికి మాదిగపల్లె మీద దాడిగా మారి ఆరుగురి ప్రాణాలు తీసింది. బతికినవాళ్లు ఊరు వదిలి చీరాల చేరారు. ఆ వేదన లోంచే దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం ఆ ఉద్యమంలో ముందు నిలిచారు. తమిళనాడు కీలవేణ్మణి నుంచి బిహార్ బెల్చి, కారంచేడు దాకా వరసగా జరిగిన ఊచకోతల తర్వాత, 500 రూపాయల జరిమానా చట్టంతో ఇది ఆగేది కాదని పార్లమెంటుకు అర్థమైంది. 1989లో ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల నిరోధక చట్టం చేశారు, అందరూ అట్రాసిటీ చట్టం అనేది దీన్నే, 1990 జనవరి 30 నుంచి అది అమల్లోకి వచ్చింది. ఏడాదిన్నర గడిచిందో లేదో, 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితులను చంపేశారు.

ఈ నేపథ్యం వల్లే చట్టం పూర్తిగా క్రిమినల్ చట్టంగా వచ్చింది. చంపడం, కొట్టడం, భూమి లాక్కోవడం, బట్టలూడదీసి తిప్పడం, నలుగురిలో అవమానించడం, ఇవన్నీ కళ్లముందు ఉన్నప్పుడు రాసిన చట్టం కదా. అందులో ముందస్తు బెయిల్ లేదు. దర్యాప్తు డీఎస్పీ స్థాయి అధికారే చేయాలి, 60 రోజుల్లో చార్జిషీటు వేయాలి, ఆ తర్వాత వీలైనంతవరకు రెండు నెలల్లో ప్రత్యేక కోర్టు విచారణ ముగించాలి. కేసు కట్టకుండా తిప్పి పంపిన, ఎస్సీ, ఎస్టీ కాని అధికారికి కూడా 4వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఏడాది జైలు ఉంది. నేరాన్ని బట్టి బాధితులకు 85 వేల నుంచి ఎనిమిదింపావు లక్షల రూపాయల దాకా సాయం అందాలి, చాలా నేరాల్లో అందులో కొంత భాగం ఎఫ్ఐఆర్ కాగానే రావాలి. ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర కమిటీ ఏడాదికి రెండుసార్లు, కలెక్టర్ అధ్యక్షతన జిల్లా కమిటీ మూడు నెలలకోసారి కూర్చుని అమలు చూడాలి. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది.

స్టేషన్‌లో జరిగేది వేరు. ఫిర్యాదు పట్టుకుని వెళ్తే మొదట "ఎందుకయ్యా ఊళ్లో గొడవలు, మాట్లాడి పంపిస్తా కూర్చో" అంటారు. అప్పటికీ కదలకపోతే అవతలివాళ్ల చేత కౌంటర్ కేసు పెట్టిస్తారు, బిందె పగలగొట్టాడనో మెడ మీద చెయ్యి వేశాడనో, ఇక రెండు కేసులూ కలిపి రాజీ బేరం మొదలవుతుంది. పౌర హక్కుల చట్టం నుంచి 1976లో తీసేసిన రాజీ వెనక గుమ్మం గుండా మళ్లీ వచ్చేసినట్టే. తర్వాత కోర్టులో సాక్షులు తిరగబడితే, "చూశారా, తప్పుడు కేసు" అంటారు. 2022లో దేశం మొత్తం మీద ఎస్సీలపై నేరాలుగా నమోదైనవి 57 వేలకు పైనే. స్టేషన్ గడప దగ్గరే వెనక్కి తిరిగినవి ఆ లెక్కలో లేవు.

దుర్వినియోగం అనే మాట 2018 మార్చి 20న సుప్రీంకోర్టు తీర్పులోకి కూడా ఎక్కింది. ప్రాథమిక విచారణ చేశాకే కేసు కట్టాలి, అరెస్టుకు పై అధికారి అనుమతి కావాలి అన్నారు. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది, ప్రాణాలు పోయాయి, ఆగస్టులో పార్లమెంటు 18ఎ సెక్షన్ చేర్చి ఆ షరతులను తీసేసింది, 2019 అక్టోబరులో కోర్టే ఆ ఆదేశాలను వెనక్కి తీసుకుంది. సాక్షి తిరగబడిన ప్రతి కేసునూ తప్పుడు కేసు అనడం అన్యాయం. ఏ భయం వల్ల తిరగబడ్డాడో అడిగేవాళ్లు లేకే ఆ మాట నిలబడుతోంది.

చట్టంలోని రెండు మాటల చుట్టూ కోర్టుల్లో ఏళ్ల తరబడి వాదన సాగింది. ఒకటి, అవమానం "ప్రజల కంటపడే చోట" జరగాలి. 2020లో సుప్రీంకోర్టు ఉత్తరాఖండ్ కేసు ఒకదానిలో, నాలుగు గోడల మధ్య బయటివాళ్లు ఎవరూ లేనప్పుడు అన్న మాట ఈ సెక్షన్ కిందకు రాదంది. ఇంటి గేటు దగ్గర, దారిన పోయేవాళ్లకు కనిపించేలా అంటే వస్తుందని అంతకుముందే 2008లో చెప్పింది. మరి ఆఫీసు కేబిన్‌లో తలుపు వేసి అంటే? ఫోన్‌లో ఒక్కడికే వినిపించేలా అంటే? అద్దె ఇంటి గురించి గొంతు తగ్గించి అడిగే ఆ ప్రశ్న సరిగ్గా ఈ ఖాళీలోనే పడుతుంది.

రెండోది, కులం "కారణంగా" అనే మాట. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో, చూపులేని దళిత అమ్మాయిపై జరిగిన అత్యాచారానికి వేసిన యావజ్జీవ శిక్షను సుప్రీంకోర్టు 2021 ఏప్రిల్‌లో నిలబెట్టింది గానీ, ఎస్సీ ఎస్టీ చట్టం కింద వేసిన శిక్షను మాత్రం కొట్టేసింది, ఆమె దళితురాలు కావడం వల్లే ఈ నేరం జరిగిందనడానికి విడిగా రుజువు లేదని. ఆ తీర్పే మళ్లీ చాలా లోతైన మాట చెప్పింది, కులం, ఆడతనం, వైకల్యం ఒకే మనిషి మీద కలిసి పనిచేస్తాయని, వాటిని విడదీసి ఏది కారణం అని అడగడం సరికాదని. అయినా నేరం జరిగింది పాత మాటలు అమల్లో ఉన్నప్పుడు కాబట్టి చేతులు కట్టుబడిపోయాయి. 2016 జనవరి 26 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ, పదేళ్లు, అంతకు మించి శిక్షపడే నేరాల విషయంలో ఆ మాటను మార్చింది. బాధితుల కులం తెలిసి చేస్తే చాలు. పైగా నిందితుడికి బాధితుడితోగానీ, వాళ్ల కుటుంబంతోగానీ పరిచయం ఉంటే కులం తెలుసనే కోర్టు భావించాలి. ఊళ్లో ఎవరి కులం ఎవరికి తెలియదు? ఈ చిన్న మార్పు కోసం పోరాడినవాళ్ల గురించి ఎంత చెప్పినా తక్కువే.

అదే సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణను కూడా నేరాల్లో చేర్చింది. వెలి అంటే ఏమిటో తెలుగు ఊళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. చుండూరులో చంపడానికి ముందు జరిగింది కూడా అదే. 1991 జూలైలో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవతో మొదలై దళితులను పనులకు పిలవడం మానేశారు, అది నెల తిరిగేసరికి శవాల దాకా వెళ్లింది. 2017లో పశ్చిమ గోదావరి జిల్లా గరగపర్రులో అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు మళ్లీ అదే. కౌలు భూములు వెనక్కి, పాలేరుతనం బంద్, కూలికి పిలుపు లేదు. ఒక్క తిట్టు కూడా వినపడదు. అడిగితే "మా పొలం, మాకిష్టమైనవాళ్లను పిలుచుకుంటాం" అంటారు. ఒక్కో మనిషి చేసిన పని విడిగా చూస్తే అది అతని ఇష్టంలాగే ఉంటుంది, ఊరంతా కలిపి చూస్తేనే వెలి కనిపిస్తుంది. ఒక నిందితుడు, ఒక తేదీ, ఒక సంఘటన అని రాసుకునే ఎఫ్ఐఆర్‌లో ఇది ఇమడడం కష్టం.

క్రిమినల్ చట్టం పరిమితి కూడా అక్కడే ఉంది. అనుమానానికి తావులేకుండా రుజువు కావాలి, లేకపోతే వదిలేయాలి. చుండూరు చూడండి. విచారణ ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టి ప్రత్యేక కోర్టు సాధించుకున్నారు, 2007 జూలై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి, 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది, కథ మళ్లీ సుప్రీంకోర్టుకు వెళ్లింది. కారంచేడు కేసులో చివరి తీర్పు 2008 డిసెంబరులో, 23 ఏళ్ల తర్వాత వచ్చింది. ఎనిమిది ప్రాణాలు, ఆరు ప్రాణాలు పోయిన కేసుల దారే ఇలా ఉంటే, అద్దె ఇల్లు ఇవ్వలేదన్న ఫిర్యాదు ఏ కోర్టు మెట్లు ఎక్కుతుంది?

ఇంకో చిక్కు, ఈ చట్టం ఎవరికి వర్తిస్తుందన్నది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. 2025 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, పాస్టరుగా ఉన్న వ్యక్తి పెట్టిన అట్రాసిటీ కేసును, క్రైస్తవం పాటించేవారికి ఈ చట్టం వర్తించదని కొట్టేసింది. ఉత్తర్వు మాటలు చూస్తే ఆ తీర్పుకు ఆధారం ఉంది. కానీ కోస్తా జిల్లాల్లో మాలపల్లెలు, మాదిగపల్లెలు తెలిసినవాళ్లకు ఇందులో ఎంత అన్యాయం ఉందో కూడా తెలుసు. తిట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి తిట్టడు. ఇంటి ఓనరు చర్చి పేరు అడిగేది కూడా దాని వెనక పల్లె ఏదో కనుక్కోవడానికే.

అమెరికాలో ఈ సమస్యను వేరేలా పట్టుకున్నారు, అక్కడ తెలుగువాళ్లు లక్షల్లో ఉన్నారు కాబట్టి అది మనకు దూరపు సంగతేమీ కాదు. అక్కడ 1964 పౌర హక్కుల చట్టం ఉద్యోగాల్లో వివక్షను, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన వారానికి 1968 ఏప్రిల్‌లో వచ్చిన గృహ చట్టం ఇళ్ల విషయంలో వివక్షను నిషేధించాయి. ఇవి ప్రధానంగా సివిల్ చట్టాలు. జైలు లక్ష్యం కాదు, నష్టపరిహారం కట్టించడం, ఇల్లు ఇప్పించడం, కంపెనీ పద్ధతి మార్పించడం లక్ష్యం. కాబట్టి అనుమానానికి తావులేని రుజువు అక్కర్లేదు, రెండు వాదనల్లో ఏది ఎక్కువ నిజమనిపిస్తే అది. నవ్వుతూ చెప్పే అబద్ధాన్ని పట్టుకోవడానికి వాళ్లకు ఒక పద్ధతి ఉంది. ఒకే ఇంటికి ఇద్దరిని పంపుతారు, జీతం, కుటుంబం అన్నీ ఒకలాగే చెప్తారు, తేడా రంగు ఒక్కటే. నల్లజాతి మనిషికి ఖాళీ లేదని చెప్పి, తెల్ల మనిషికి ఉందని చెప్తే కేసు సిద్ధం. వర్జీనియాలో ఇలా వెళ్లిన నల్లజాతి మహిళకు, ఆమెకు నిజంగా ఇల్లు అవసరం లేకపోయినా, అబద్ధం చెప్పించుకున్నందుకే దావా వేసే హక్కుందని 1982లో అక్కడి సుప్రీంకోర్టు తేల్చింది.

అక్కడి లోపం ఇంకోటి. ఆ చట్టాల్లో కులం అనే మాటే లేదు. 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం, దళిత ఇంజనీరుపై కులవివక్ష జరిగిందంటూ సిస్కో కంపెనీ మీద కేసు వేసినప్పుడు మొదటి ప్రశ్న, కులం అసలు ఈ చట్టం కిందకు వస్తుందా అన్నదే. ఇద్దరు మేనేజర్ల మీద కేసును 2023లో ఉపసంహరించుకున్నారు, కంపెనీ మీద కొనసాగింది. 2023 ఫిబ్రవరిలో సియాటెల్ నగరం కులాన్ని తన చట్టంలో పేరు పెట్టి చేర్చింది. కాలిఫోర్నియా శాసనసభ కూడా బిల్లు పాస్ చేస్తే, ఉన్న చట్టాలే చాలంటూ గవర్నర్ అక్టోబరులో వీటో చేశారు. అక్కడ పద్ధతి ఉంది, కులం పేరు లేదు. ఇక్కడ కులం పేరు ఉంది, పద్ధతి లేదు.

ఇక్కడ సివిల్ దారి దాదాపు లేనట్టే. 15వ అధికరణం రెండో భాగం దుకాణాలు, హోటళ్లు, బావుల దగ్గర ప్రైవేటు మనుషులు కూడా వివక్ష చూపకూడదంటుంది, 2011లో సుప్రీంకోర్టు దుకాణం అన్న మాటకు విశాలమైన అర్థం కూడా ఇచ్చింది. కానీ 2005లో అదే కోర్టు, అహ్మదాబాద్‌లో పార్శీలకే సభ్యత్వం అన్న హౌసింగ్ సొసైటీ నియమాన్ని సమర్థించింది. ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలో ఇంటిపేరు చూసి పక్కన పెడితే నేరుగా వెళ్లి పరిహారం అడిగే చోటు లేదు. ముస్లింల స్థితిగతులు పరిశీలించిన సచార్ కమిటీ 2006లో సమాన అవకాశాల కమిషన్ కావాలంది, అది రాలేదు. వివక్ష నిరోధం, సమానత్వం మీద శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు చట్టం కాకుండానే మురిగిపోయింది. ముస్లింలకు, ఈశాన్య రాష్ట్రాల పిల్లలకు, ఒంటరి ఆడవాళ్లకు ఇల్లు ఇవ్వనన్నప్పుడు అయితే చెప్పుకోవడానికి ఆ 1955 చట్టం కూడా లేదు.

అలాంటి చట్టం వచ్చేదాకా ఎస్సీలకు ఆ పాత చట్టమైనా చేతిలో ఉంది. ఇల్లు లేదన్న రోజునే టు లెట్ బోర్డు ఫొటో తేదీతో సహా తీసిపెట్టుకోవడం, బ్రోకర్ వాట్సాప్ మెసేజ్ చెరిపేయకుండా ఉంచడం, అదే వారంలో వేరే కులానికి చెందిన ఫ్రెండ్ చేత ఫోన్ చేయించి ఖాళీ ఉందో లేదో అడిగించడం, ఇవి మూడూ ఉంటే 4వ, 12వ సెక్షన్లతో కలిపి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వొచ్చు. స్టేషన్‌లో తీసుకోకపోతే ఎస్పీకో కమిషనర్‌కో రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రతి నెలా 30న ఏదో ఒక ఊళ్లో తహసీల్దారు, ఎస్ఐ వచ్చి పౌర హక్కుల దినం జరుపుతారు, రెండు గ్లాసులు ఉన్నాయా, గుడిలోకి రానిస్తున్నారా, శ్మశానానికి దారి ఉందా అని అడుగుతారు. ఆ ప్రశ్నలన్నీ పల్లె కోసం రాసినవి. అమీర్‌పేటలో, బెంజ్ సర్కిల్ చుట్టుపక్కల వీధుల్లో అద్దె ఇళ్ల సంగతి అడగడానికి కూడా అదే చట్టం సరిపోతుంది, అందుకు ఒక్క కొత్త సెక్షన్ కూడా అక్కర్లేదు.